కడుపులోంచి లేచే భయం: నా మూర్ఛ, నా ఆపరేషన్

మూర్ఛ అంటే మా చిత్తూరు పల్లెల్లో అందరికీ తెలిసింది ఒకటే. మనిషి పడిపోవాలి, కాళ్లూ చేతులూ కొట్టుకోవాలి, నోట్లో నురగ రావాలి, ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి చేతిలో తాళంచెవులు పెట్టాలి. నాకు ఇవేవీ లేవు. అందుకే నాకున్నది మూర్ఛేనని తేలడానికి ఏళ్లు పట్టింది. నాలాంటి ఫిట్స్ ఉండి, అవి ఫిట్సని తెలియక గ్యాస్ మాత్రలు మింగేవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్ల కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకెలా వచ్చేదంటే, మొదట బొడ్డు పైన ఏదో కదిలేది. అది మెల్లగా గుండెల దాకా, గొంతు దాకా లేచేది. దాంతోపాటే భయం. ఎదురుగా ఏమీ ఉండదు, మనసులో బాధేమీ ఉండదు, అయినా ఒళ్లు జలదరించి వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి. కొన్నిసార్లు రబ్బరు కాలిన వాసన వచ్చేది, పక్కనున్నవాళ్లకు మాత్రం ఏ వాసనా తెలిసేది కాదు. కొన్నిసార్లు ఆ క్షణం అంతా ఇదివరకే అచ్చు అలాగే జరిగిపోయిందనిపించేది. ఆ తర్వాత ఒకటి రెండు నిమిషాలు నాకేమీ గుర్తుండదు. ఆ నిమిషాల్లో ఏం జరిగేదో అమ్మ చెబితేనే తెలిసింది. కళ్లు తెరిచే ఉంటాను, పిలిస్తే పలకను, ఏదో నములుతున్నట్టు చప్పరిస్తుంటాను, కుడిచేత్తో చీర కొంగు నలుపుతుంటాను.

మా అవ్వ గాలి సోకిందని కాణిపాకం తీసుకెళ్లింది, తాయెత్తు కట్టించింది. ఒక డాక్టరు ఎండోస్కోపీ చేయించి గ్యాస్ అన్నాడు. ఇంకొకాయన టెన్షన్ అని నిద్రమాత్రలు రాశాడు. అప్పట్లో నేను ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేదాన్ని. పాఠం మధ్యలో రెండు మూడుసార్లు అలా అయ్యేసరికి, పిల్లలు భయపడుతున్నారు, కొన్నాళ్లు ఇంట్లో ఉండమన్నారు. కొన్నాళ్లు అన్నది మళ్లీ పిలవకపోవడానికి మర్యాదగా చెప్పిన మాటని తర్వాత అర్థమైంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

దారి దొరికింది తిరుపతిలో. అక్కడి న్యూరాలజిస్టు ముందు మా తమ్ముడు ఫోన్లో తీసిన వీడియో చూశారు. చూసి, నేను ఎప్పుడూ గమనించని సంగతి చూపించారు. కుడిచెయ్యి కొంగు నలుపుతుంటే, ఎడమచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి బిగుసుకుపోయి ఉంది. "ఎడమచెయ్యి ఇలా అయిందంటే గొడవ కుడివైపు మెదడులో మొదలవుతోందమ్మా" అన్నారు. తర్వాత అమ్మను ఒక్కటే అడిగారు, చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా అని. వచ్చాయి. నడక నేర్చే వయసులో, పెద్ద జ్వరంలో, చాలాసేపు ఆగని ఫిట్. అమ్మ దాన్ని మరిచిపోలేదు, కానీ అంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు.

నా దగ్గర అప్పటికే ఒక ఎమ్మారై ఉంది, అంతా నార్మల్ అని రిపోర్టు. ఆయన మళ్లీ తీయించారు. ఈసారి మూర్ఛ కోసమే తీసే పద్ధతిలో, సన్నటి ముక్కలుగా, జ్ఞాపకాల పని చూసే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం పొడవుకు అడ్డంగా కోసినట్టు వచ్చే కోణంలో. మామూలు పద్ధతిలో తీస్తే ఈ జబ్బు దొరక్కుండా పోవచ్చు. అందుకే ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను, రిపోర్టులో నార్మల్ అని ఉన్నంత మాత్రాన వదిలేయకండి, ఏ పద్ధతిలో తీశారో అడగండి. కొత్త స్కాన్లో ఎడమ హిప్పోక్యాంపస్ నిండుగా ఉంది. కుడిది ఎండిపోయిన చెనిక్కాయ గింజలా ముడుచుకుపోయి, ఉండాల్సినదానికంటే తెల్లగా మెరుస్తోంది. హిప్పోక్యాంపల్ స్క్లెరోసిస్ అని రాశారు. నరాల కణాలు చచ్చిపోయి ఆ చోట మచ్చ కట్టడం.

మస్తిష్కం, అనుమస్తిష్కం, మజ్జాముఖం అని పిల్లలకు బొమ్మ గీయించిన నేను, లింబిక్ వ్యవస్థ పేరు ఎప్పుడూ ఎత్తలేదు. నా జబ్బు అక్కడే ఉందని తెలిశాక పట్టుబట్టి చదివాను. మెదడు కాండం చుట్టూ, రెండు అర్ధగోళాల లోపలి అంచుల్లో ఉండే భాగాల కూటమి అది. చెవుల పైన ఉండే టెంపోరల్ లోబ్ లోపలివైపు, ముందు భాగంలో బాదంపప్పు ఆకారంలో అమిగ్డాలా ఉంటుంది. దాని వెనకే, నాలుగైదు సెంటీమీటర్ల పొడవున వంపు తిరిగి హిప్పోక్యాంపస్. ఇవి రెండూ కుడివైపు ఒక జత, ఎడమవైపు ఒక జత.

1937లో జేమ్స్ పేపెజ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇందులో ఒక వలయాన్ని గుర్తించాడు. హిప్పోక్యాంపస్ నుంచి ఫోర్నిక్స్ అనే నరాల కట్ట మీదుగా, గుండె వేగం, చెమట లాంటివాటిని నడిపే హైపోథాలమస్ అడుగునున్న మామిల్లరీ బాడీలకు, అక్కడినుంచి ఇంద్రియాల సమాచారం చేరే థాలమస్ ముందు భాగానికి, ఆపైన సింగ్యులేట్ మడతకు, తిరిగి హిప్పోక్యాంపస్‌కు. ఉద్వేగాలు పుట్టేది ఈ వలయంలోనే అనుకున్నాడాయన. అది ఎక్కువగా జ్ఞాపకాల దారి అని తర్వాత తేలింది. భయం సంగతికొస్తే అమిగ్డాలా ముఖ్యం, అది ఆయన వలయంలో లేదు. 1952లో పాల్ మెక్లీన్ దాన్ని కూడా కలిపి మొత్తానికి లింబిక్ వ్యవస్థ అన్నాడు.

నాకు ఊరటనిచ్చింది ఏమిటంటే, నా లక్షణాల్లో ప్రతిదానికీ అందులో ఒక చోటు దొరికింది. ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలాలో కరెంటు అకారణంగా రేగితే, అది హైపోథాలమస్‌ను కదిలిస్తుంది. గుండె దడ, చెమట, ఒళ్లు జలదరింపు అక్కడినుంచే. మిగతా ఇంద్రియాల సమాచారం థాలమస్ మీదుగా వెళ్తే, వాసన మాత్రం నేరుగా ఈ ప్రాంతానికే వస్తుంది. లేని వాసన రావడం అందుకే. ఇదివరకే జరిగిందనిపించడం హిప్పోక్యాంపస్, దాని పక్క భాగాల పని. నేను పిరికిదాన్ని కాదు, నాకు గాలి సోకలేదు, అణాపైసంత చోటులో నరాల గొడవ అని తెలిసిన రోజు అమ్మ, నేను ఇద్దరం ఏడ్చాం.

మందులు పనిచేస్తే ఇంతటితో అయిపోయేది. కార్బమజపైన్, తర్వాత లెవెటిరాసెటమ్, దానికి తోడు క్లోబజామ్. తగ్గడమూ, మళ్లీ రావడమూ. సరైన మందులు రెండు సరైన మోతాదులో వాడినా ఆగకపోతే, దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారట. అప్పుడు ఫిట్స్ మొదలయ్యే ఆ మెదడు భాగాన్ని తీసేసే ఆపరేషన్ కుదురుతుందేమో చూడాలి. 2001లో కెనడాలో ఇలాంటి టెంపోరల్ లోబ్ మూర్ఛ ఉన్న 80 మందిని చీటీ వేసినట్టు రెండు జట్లుగా చేసి చూశారు. ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివాళ్లు ఆపరేషన్ జట్టులో 58 శాతం, మందుల జట్టులో 8 శాతం. ఈ రెండు అంకెలే మా నాయనను ఒప్పించాయి. ఆయన మామిడితోట కాయ ముందుగానే వ్యాపారికి మాట్లాడి డబ్బు తెచ్చాడు.

చిత్తూరు నుంచి రాయవేలూరు (తమిళనాడులోని వెల్లూరు) దగ్గరే, అక్కడి ఆసుపత్రికే వెళ్లాం. ఈఈజీ అంటే మెదడులోని కరెంటు అలలను రికార్డు చేయడం. వీడియో ఈఈజీ అంటే, తలనిండా ఎలక్ట్రోడ్లు జిగురుతో అంటించి, కెమెరా ముందు మంచం మీద ఉంచి, మందులు తగ్గించి ఫిట్ కోసం ఎదురుచూస్తారు. ఇన్నేళ్లూ రావద్దని మొక్కినదాన్ని రావాలని కోరుకోవడం ఎంత కష్టమో చెప్పలేను. తెల్లవారుజామున వచ్చింది. అమ్మ బటన్ నొక్కింది, నర్సు పరుగెత్తుకొచ్చి నా పేరు అడిగి, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమంది. నాకు నర్సు వచ్చిందే తెలియదు. రికార్డులో అలలు కుడి టెంపోరల్ నుంచే మొదలయ్యాయి. వీడియో, స్కాన్, ఈఈజీ మూడూ ఒకే చోటు చూపించాయి.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది జ్ఞాపకశక్తి పరీక్ష. తెలుగు వచ్చిన సైకాలజిస్టు ఒక చిన్న కథ చదివి అరగంట తర్వాత చెప్పమంది, దాదాపు అంతా చెప్పాను. మాటల జాబితా కూడా బాగానే వచ్చింది. గీతలు, గళ్లు కలిసిన ఒక బొమ్మను చూసి గీశాను, తర్వాత చూడకుండా గీయమంటే సగం కూడా రాలేదు. మాటల జ్ఞాపకానికి ఎక్కువగా ఎడమ హిప్పోక్యాంపస్, ఆకారాల జ్ఞాపకానికి కుడిది పూనుకుంటాయి. అంటే నా ఎడమది బాగుంది, కుడిది ఎలాగూ పని చేయడం లేదు. తీసినా పెద్దగా పోయేది లేదు.

ఎడమది బాగుందో లేదో ఇంత శ్రద్ధగా చూడటం వెనక ఒక మనిషి జీవితం ఉంది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే 27 ఏళ్ల యువకుడికి మూర్ఛ తగ్గించడానికి విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండువైపులా హిప్పోక్యాంపస్, అమిగ్డాలా భాగాలు తీసేశాడు. ఫిట్స్ తగ్గాయి. కానీ 2008లో చనిపోయేదాకా ఆయన మనసులో దాదాపు ఏ కొత్త సంగతీ నిలవలేదు. ఏళ్ల తరబడి తనను పరీక్షించిన సైకాలజిస్టు బ్రెండా మిల్నర్ కూడా వచ్చిన ప్రతిసారీ కొత్త మనిషే. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం నేర్పిస్తే చెయ్యి రోజురోజుకూ మెరుగైంది, నేర్చుకున్నట్టు మాత్రం ఆయనకు గుర్తులేదు. చేతి పనితనం వేరే చోట నిలుస్తుందని ప్రపంచానికి తెలిసింది ఆయనవల్లే. ఇప్పుడు రెండువైపులా ఎవరూ తీయరు. నా తలలో ఒక్కవైపే చెయ్యి పెట్టారంటే దానికి ఆయన చెల్లించిన మూల్యం ఉంది. ఆయనకు నేను రుణపడి ఉన్నాను.

హిప్పోక్యాంపస్‌తోపాటు అమిగ్డాలా కూడా తీసేస్తే అమ్మ మీద ప్రేమ, పిల్లల మీద జాలి పోతాయా అని సర్జన్‌ని అడిగాను. "ఎడమవైపుది ఉంటుంది కదమ్మా, పోవు" అన్నారు. పోలేదు.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ, మత్తులో ఉన్నాను. తర్వాతి రోజులే బరువు. కణతల కండరం కోస్తారు కాబట్టి చాన్నాళ్లు నోరు పూర్తిగా తెరుచుకోలేదు, సంగటి ముద్ద చిన్నచిన్నగా తినాల్సి వచ్చింది. చూపులో ఎడమవైపు పైమూల కొద్దిగా పోయింది. కంటి నరాల దారి టెంపోరల్ లోబ్‌లోంచి వంగి వెళ్తుంది కాబట్టి అలా జరగవచ్చని ముందే చెప్పారు, పరీక్షలోనే బయటపడింది గానీ నాకు రోజూ తెలియదు. కొన్ని వారాలు ఊరికే ఏడుపొచ్చేది. ఇది ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే ఆపరేషన్ చెడిపోయిందనుకుంటారు.

ఆ కడుపులోంచి లేచే భయం మళ్లీ రాలేదు. ఒకసారి గాంధీ రోడ్డు దగ్గర లారీ మీదికొచ్చినంత పనైంది, గుండె దడదడలాడింది, పక్కకు దూకాను. అలా భయపడటం చాలా బాగా అనిపించింది.

మందులు ఇంకా వేసుకుంటున్నాను, డాక్టరు చెప్పినప్పుడే మెల్లగా తగ్గిస్తారు. ఇంట్లో ట్యూషన్ మొదలుపెట్టాను. సంబంధాలు చూసేటప్పుడు జబ్బు దాచమని కొందరు సలహా ఇచ్చారు, అమ్మ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మూర్ఛ ఉందన్న కారణంతో హిందూ వివాహం రద్దు చేసే వీలును 1999లోనే చట్టం నుంచి తీసేశారు, ఈ సంగతి ఆడపిల్లల తల్లిదండ్రులందరికీ తెలియాలి.

ఇలాంటి లక్షణాలుంటే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోవాళ్లతో వీడియో తీయించుకోండి. రెండు చేతులూ, ముఖమూ కనబడాలి. జ్వరంలో వచ్చిన ఫిట్స్ సంగతి అమ్మనో అవ్వనో అడిగి రాసుకెళ్లండి. కడుపులో ఏం కదిలిందో, ఏ వాసన వచ్చిందో, ఎంత చిన్నదైనా సరే సిగ్గుపడకుండా చెప్పండి.