బండి ఆపిన మొదటి నిమిషం

పోలీసు చెయ్యెత్తగానే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: బండి ఆగీ ఆగకముందే కాగితాల కోసం డ్యాష్‌బోర్డు అరలోకి వంగడం. మన దృష్టిలో అది సహకారం. వెనకనుంచి నడిచొస్తున్న పోలీసుకు మాత్రం కనిపించేది భుజం చటుక్కున కిందికి దిగడం, చేతులు మాయమవడం. ఆ గొంతు కరుకుదేలేది అక్కడే.

ఇండికేటర్ వేసి, రోడ్డు వారకు తీసి, ఇంజిన్ ఆపండి. రాత్రయితే లోపలి లైటు వేయండి. అద్దం దించి రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచండి. అడిగాక, "లైసెన్సు జేబులో ఉంది, తీస్తున్నాను" అని చెప్పి మరీ తీయండి.

అలాగని భారమంతా బండి నడిపేవాళ్ల మీదే వేస్తే ఎలా? "ఎందుకు ఆపానో తెలుసా?" అన్న ప్రశ్న నాకసలు నచ్చదు; ఎదుటివాళ్లను తడబాటులోకి, ఆపైన అబద్ధంలోకి నెడుతుంది. పోలీసే తన పేరు, ఆపిన కారణం మొదటి మాటలోనే చెప్పేస్తే సగం వేడి చల్లారుతుంది. టార్చి కళ్లలోకి కాదు, చేతుల మీదికి వేయాలి. తాళంచెవి లాక్కోవడమంటే గొడవను పిలవడమే. జరిమానా మీద అభ్యంతరముంటే రోడ్డు మీద వాదన దండగ. సమయం, చోటు రాసిపెట్టుకుని తర్వాత రాతపూర్వకంగా అడగండి.