ఉద్దెర ఖాతా ప్రోగ్రాం: తారీఖుల తిప్పలు, సాయం దొరికిన తీరు

హాలియాలో మా బాబాయికి ఎరువుల దుకాణం ఉంది. సాగర్ ఎడమ కాల్వ కింద వరి వేసే రైతులు వానాకాలం మొదట్లో విత్తనాలు, డీఏపీ, యూరియా పట్టుకుపోతారు, వడ్లు అమ్మాక వచ్చి కడతారు. అప్పటిదాకా ఆ ఉద్దెరంతా పొడుగు ఖాతా పుస్తకాల్లో ఉంటుంది, నూటికి రెండు రూపాయల వడ్డీతో. నేను నల్గొండలో బీఎస్సీ కంప్యూటర్స్ చేశాను కాబట్టి ఆ పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు, నేనూ ఇష్టంగానే ఒప్పుకున్నాను. వీబీ డాట్ నెట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఫారాలు, వెనక లెక్కలు దాచే ఎంఎస్ యాక్సెస్ డేటాబేస్ ఫైలు. డిగ్రీలో నేర్చుకున్నది అదే.

డిగ్రీ ల్యాబ్‌లో ప్రోగ్రాం అంటే రికార్డులో ఉన్నది టైపు చేసి, అవుట్‌పుట్ చూపించి, సంతకం పెట్టించుకోవడం. సొంతంగా ఒకటి రాస్తున్నప్పుడు అది ఎక్కడో ఆగిపోతే ఎవరిని అడగాలి, అసలు ఏమని అడగాలి అనేది మాకు ఏ పేపర్‌లోనూ లేదు. నాకు సాయం ఎలా దొరికిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను, ఎందుకంటే మా వైపు ఇదే పనిలో పడ్డ పిల్లలు చాలామంది గంటలు గంటలు స్క్రీన్ ముందు ఒంటరిగా కూర్చుని, చివరికి నాకు ప్రోగ్రామింగ్ రాదు అనుకుని వదిలేస్తున్నారు. వాళ్లకు వచ్చు. అడిగే దారి తెలియదు, అంతే.

మొదటి అడ్డంకి ప్రోగ్రాంను దుకాణం కంప్యూటర్‌లో పెట్టిన రోజే వచ్చింది. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా నడిచింది, అక్కడ మాత్రం తెరవగానే 'మైక్రోసాఫ్ట్ ఏసీఈ ఓఎల్ఈడీబీ ప్రొవైడర్ ఈజ్ నాట్ రిజిస్టర్డ్' అని ఎర్రర్. తెలిసినవాళ్లకు ఫోన్ చేసి 'డేటాబేస్ కనెక్ట్ అవట్లేదు' అన్నాను. ఒకరు ఎంఎస్ ఆఫీసు తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు, ఒకరు విండోస్ పాతదన్నారు, రిపేరు చేసే అబ్బాయి ఏకంగా ఫార్మాట్ కొడదామన్నాడు. ఆ కంప్యూటర్‌లో బాబాయి జీఎస్టీ బిల్లులన్నీ ఉన్నాయి. నాకు టెన్షన్ పట్టుకుంది.

మా వదిన హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తుంది. ఆమెకు సమయం ఉండదని అన్ని రోజులూ అడగలేదు, చివరికి ఆ రాత్రి అడిగాను. "ఎర్రర్ వచ్చింది అనొద్దు, ఎర్రర్‌లో ఏం రాసుందో మొత్తం అక్షరం పోకుండా పంపు. నీ ల్యాప్‌టాప్‌లో ఆఫీసు ఎన్ని బిట్లు, అక్కడ ఎన్ని బిట్లు, అది చూసి చెప్పు" అంది. ఆఫీసులో ఫైల్, అకౌంట్, అబౌట్ నొక్కితే అది కనిపిస్తుందని కూడా చెప్పింది. చూస్తే నాది 32 బిట్, దుకాణంలోది 64. నా ప్రోగ్రాం 32 బిట్ పద్ధతిలో నడుస్తూ, యాక్సెస్ ఫైలును తెరిచే ఆ ప్రొవైడర్, అంటే డ్రైవర్, 32 బిట్‌ది కావాలని వెతుకుతోంది, అక్కడ అది లేనే లేదు. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో కంపైల్ పేజీకి పోయి టార్గెట్ సీపీయూను ఎక్స్64 చేసి, మళ్లీ బిల్డ్ చేసి తీసుకెళ్తే తెరుచుకుంది. ఫార్మాట్ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఫోన్ చేసిన మిగతావాళ్లను తప్పుపట్టను, 'కనెక్ట్ అవట్లేదు' అన్న ఒక్క ముక్కకు ఎవరైనా ఊహించే చెప్పాలి కదా.

తర్వాతది చిన్నదే కానీ కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరినీ ఏడిపిస్తుంది. ప్రోగ్రాం రాసుకునే విజువల్ స్టూడియోలో నడిపి పది పేర్లు ఎక్కిస్తే కనిపిస్తాయి, మూసి మళ్లీ నడిపితే ఒక్కటీ ఉండదు. ఎర్రర్ కూడా రాదు. యాక్సెస్ ఫైలును ప్రాజెక్టులో కలిపినప్పుడు దాని ప్రాపర్టీల్లో 'కాపీ ఆల్వేస్' అని ఉంటే, ప్రోగ్రాం నడిపిన ప్రతిసారీ ఖాళీ ఫైలు వచ్చి, ప్రోగ్రాం నడిచే బిన్ ఫోల్డర్‌లో ఉన్న నిండు ఫైలు మీద కూర్చుంటుంది. దాన్ని 'కాపీ ఇఫ్ న్యూయర్' చేస్తే సరిపోయింది. ఈసారి వదినకు మెసేజ్ పెట్టేటప్పుడు ఏం చేశానో, ఏం వస్తుందనుకున్నానో, ఏం వచ్చిందో మూడూ రాశాను, ఒక్క జవాబులో తేలిపోయింది.

ఇక తారీఖులు. ఈ మొత్తంలో నన్ను నిజంగా భయపెట్టింది ఇదే, ఎందుకంటే ప్రోగ్రాం ఆగలేదు, ఎర్రర్ ఇవ్వలేదు, నిండుగా తప్పు లెక్క చూపించింది. ఆగస్టు చివర్లో బాబాయి ఒక రైతు ఖాతా తెరిచి చూసి నన్ను పిలిచాడు. "ఇదేంది బిడ్డా, వడ్డీ మైనస్‌లో వచ్చింది?" జూన్ 10న తీసుకున్న విత్తనాలు. ప్రోగ్రాంలో చూస్తే ఆ తారీఖు అక్టోబర్ 6 అని ఉంది. అప్పటికి అక్టోబర్ రానే లేదు. మరో ఖాతాలో జూలై 5న ఇరవై వేల సరుకు, అది మే 7 అని పడింది. నూటికి రెండు రూపాయల లెక్కన నెలకు నాలుగు వందలు, అంటే ఆ రైతు మీద దాదాపు ఎనిమిది వందల వడ్డీ ఊరికే ఎక్కింది. మైనస్ వచ్చింది కాబట్టి బాబాయి కంట్లో పడింది గానీ, ఈ రెండోది ఎవరికీ కనిపించేది కాదు. సేటు లెక్క చెప్తే రైతు నమ్మి కడతాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వదినకు ప్రోగ్రాం మొత్తం జిప్ చేసి పంపుతానంటే వద్దంది. "కొత్త ప్రాజెక్ట్ తెరువు. ఒక టేబుల్, అందులో రెండే కాలమ్స్, ఒకటి నంబర్, ఒకటి తారీఖు. ఒక బటన్. జూలై 1 నుంచి 20 దాకా వరసగా ఎక్కించి, తారీఖును నెల పేరుతో కనిపించేలా పెట్టి చూడు. చూసింది నాకు రాయి" అంది. మొదట విసుగొచ్చింది, ఇంత పెద్ద సమస్యకు ఇంత చిన్న ప్రోగ్రామా అని. అయినా చేశాను.

గ్రిడ్‌లో, అంటే టేబుల్‌ను స్క్రీన్ మీద చూపే గడుల్లో, వరస ఇలా వచ్చింది. జూలై 1 ఎక్కిస్తే జనవరి 7. జూలై 2కు ఫిబ్రవరి 7. 3కు మార్చి 7. అట్లా దిగుతూ దిగుతూ జూలై 7 దగ్గర మాత్రం జూలై 7 అనే ఉంది, 8కి ఆగస్టు 7, 12కి డిసెంబర్ 7. ఆ తర్వాత 13 దగ్గర ఒక్కసారిగా జూలై 13. అక్కడి నుంచి 20 దాకా అన్నీ సరిగ్గా. వదినకు పంపకముందే నాకే అర్థమైపోయింది. పన్నెండు దాకా తిరగబడుతున్నాయి, పదమూడు నుంచి లేదు, ఎందుకంటే పదమూడో నెల లేదు.

మన కంప్యూటర్లలో తారీఖు ముందు రోజు, తర్వాత నెల. డేటాబేస్‌కు పని చెప్పే భాష ఎస్‌క్యూఎల్. యాక్సెస్‌కు ఆ ఎస్‌క్యూఎల్ వాక్యంలో రెండు హ్యాష్ గుర్తుల మధ్య తారీఖు ఇస్తే అది అమెరికా పద్ధతిలో ముందు నెల అనుకుని చదువుతుంది. నెల చోట ఉన్న అంకె పన్నెండు దాటితే మాత్రం నోరెత్తకుండా మన పద్ధతిలోకి మారిపోతుంది. ఆ మారిపోవడమే ప్రమాదం. పదమూడు దగ్గర ఎర్రర్ ఇచ్చుంటే మొదటి వారంలోనే దొరికేది. ల్యాబ్ రికార్డుల్లో, వీడియోల్లో అందరూ నేర్పే పద్ధతి కూడా ఇదే, టెక్స్ట్ బాక్సులో ఉన్నది తీసి వాక్యం మధ్యలో అతికించడం. ఇలా నేర్పడం మానేయాలని నేను గట్టిగా అంటాను. అతికించకుండా ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి, విలువను పారామీటర్‌గా వేరే పంపితే తారీఖు తారీఖుగానే పోతుంది. నేను ఓఎల్ఈడీబీ టైప్ డేట్ అని చెప్పి, తారీఖు ఎంచుకునే పికర్‌లో కనిపించే అక్షరాలు కాకుండా దాని వాల్యూలో డేట్ భాగం ఇచ్చాను. పేరులో సింగిల్ కోట్ వస్తే వాక్యం విరిగిపోయే గొడవ, ఎవరైనా బాక్సులో ఎస్‌క్యూఎల్ రాసి టేబుల్‌ను పాడుచేసే ప్రమాదం, రెండూ దాంతోనే పోతాయి.

పారామీటర్లలోనూ ఒక మెలిక ఉంది. ఓఎల్ఈడీబీలో వాటికి మనం ఏ పేరు పెట్టినా పట్టించుకోదు, ఏ వరసలో కలిపామో అదే లెక్క. అప్‌డేట్ వాక్యంలో ఖాతా నంబర్ చివర్లో వస్తుంది, కాబట్టి దాన్ని చివరే కలపాలి. ముందు కలిపితే ఎర్రర్ రాకపోవచ్చు, కానీ టేబుల్‌లో మనం అనుకున్న రికార్డు మారదు. వాక్యాన్ని నడిపే ఎగ్జిక్యూట్ నాన్ క్వెరీ అనే ఆజ్ఞ, టేబుల్‌లో ఎన్ని రికార్డులు మారాయో ఒక అంకె తిరిగి ఇస్తుంది. ఆ అంకె సున్నా అయితే మెసేజ్ చూపించేలా పెట్టుకున్నాను, చాలా కాపాడింది.

అప్పటికే ఎక్కిన పాత వరసల సంగతి మిగిలింది. అన్నీ కొట్టేసి మళ్లీ ఎక్కిద్దామనుకున్నాను, అదే గ్రిడ్ ముందర పెట్టుకుని చూస్తే అవసరం లేదనిపించింది. రోజు పదమూడు, ఆపైన ఉన్నవన్నీ సరైనవే. పన్నెండు, ఆలోపు ఉన్నవన్నీ తిరగబడ్డవే. మధ్యరకం లేదు. కాబట్టి ఫైలుకు ముందు ఒక కాపీ తీసి, ఆ కాపీ మీద, మార్పు చేయకముందు ఎక్కిన నంబర్లకు మాత్రమే, రోజు పన్నెండు లోపు ఉన్న వరసలకు డేట్ సీరియల్ అనే ఫంక్షన్‌తో నెల చోట రోజు, రోజు చోట నెల పెట్టాను. ఆ నంబరు హద్దు పెట్టకపోతే కొత్తగా సరిగ్గా ఎక్కినవి కూడా తిరగబడతాయి. తర్వాత బాబాయి ఖాతా పుస్తకం చూసి ఒక్కొక్కటే చదివాడు, నేను స్క్రీన్ మీద సరిచూశాను. అన్నీ కలిశాయి. పుస్తకం ఉండటం ఎంత మేలైందో.

తారీఖుల పని నడుస్తుండగానే వదిన నా టేబుల్ ఒకటి చూసి ఇంకో మాట అడిగింది, "రైతు పేరునే కీ పెట్టావా?" అని. కీ అంటే ఒక్కో ఖాతాను మిగతావాటి నుంచి వేరుగా గుర్తించేది. మా వైపు జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పిల్లలకు ఆ పేరే పెట్టుకుంటారు, అందుకని ఒక్క ఊళ్లోనే నలుగురైదుగురు సైదులు, అంతమంది సైదమ్మలు ఉంటారు. ఇంటిపేరు కలిపినా ఇద్దరు మిగులుతారు. బాబాయి మాత్రం మనిషిని చూసి గుర్తుపడతాడు, పుస్తకంలో 'కాల్వ పక్క సైదులు' అని రాసుకుంటాడు. డేటాబేస్‌కు అది చాలదు. ప్రతి ఖాతాకు ఆటో నంబర్ ఒకటి ఇచ్చి, పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ వేరువేరు కాలమ్స్ చేసి, సరుకు, జమ టేబుళ్లలో ఆ నంబర్ ఒక్కటే వాడాను. ఫోన్ నంబర్‌ను కీ చేద్దామా అని కూడా అనుకున్నాం గానీ నంబర్లు మారుతుంటాయి, ఒకే ఫోన్ ఇంట్లో ఇద్దరు వాడతారు.

ఈ యాసంగిలో గోడౌన్‌లో కూడా ఒక కంప్యూటర్ పెట్టాం, రెండు చోట్లా ఒకేసారి ఎక్కించాలని యాక్సెస్ నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ అనే డేటాబేస్‌కు మారాను. అక్కడ తెలుగులో కొట్టిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా పడ్డాయి. ఫాంట్ సమస్య అని ఒకరు, కీబోర్డు అని ఒకరు అన్నారు. ఈసారి ఎవరినీ అడగకముందే రెండు కాలమ్స్ టేబుల్ చేసి చూశాను, ఒకటి వార్‌చార్, ఒకటి అన్ని భాషల అక్షరాలూ పట్టే ఎన్‌వార్‌చార్. రెండింట్లోనూ సైదులు అని పారామీటర్‌తో ఎక్కిస్తే మొదటి దాంట్లో ప్రశ్నార్థకాలు, రెండో దాంట్లో సైదులు. కాలమ్ ఎన్‌వార్‌చార్ అయి ఉండాలి, పారామీటర్ లేకుండా నేరుగా వాక్యంలో రాసేటప్పుడు అక్షరాల ముందు ఎన్ అనే అక్షరం పెట్టాలి. ఒకసారి ప్రశ్నార్థకంగా పడిన పేరు మాత్రం మళ్లీ తెలుగు కాదు, అసలు అక్షరాలు అక్కడ ఉండవు కాబట్టి కాలమ్ మార్చినా తిరిగి రావు. అవి యాక్సెస్ ఫైలు నుంచి మళ్లీ తెచ్చుకున్నాను.

ఇప్పుడు నిడమనూరు, హాలియా పిల్లలు కొందరు నన్నే అడుగుతున్నారు. స్క్రీన్‌ను ఫోన్‌తో అడ్డంగా ఫొటో తీసి 'అక్కా రావట్లేదు' అని పంపుతారు. ఎర్రర్‌ను అక్షరాల్లో టైపు చేసి పంపమంటాను, ఇంగ్లీష్‌లో రాయడం భయమైతే మిగతాదంతా తెలుగులోనే రాయమంటాను. ఎర్రర్ ముక్క ఒక్కటి ఉన్నది ఉన్నట్టు ఉంటే చాలు. తర్వాత రెండు కాలమ్స్, ఒక బటన్. మొన్న ఒకమ్మాయి 'నో వాల్యూ గివెన్ ఫర్ వన్ ఆర్ మోర్ రిక్వైర్డ్ పారామీటర్స్' అని పంపి, పారామీటర్లన్నీ ఇచ్చాను కదా అక్కా అంది. యాక్సెస్ తనకు తెలియని కాలమ్ పేరు కనిపిస్తే దాన్నే పారామీటర్ అనుకుంటుంది, కాబట్టి స్పెల్లింగులు చూసుకో అన్నాను. కాసేపటికి మెసేజ్ పెట్టింది, టేబుల్‌లో విలేజ్ అని ఉంటే వాక్యంలో ఒక ఎల్ తక్కువ పడిందట. ఇప్పుడామె వాళ్ల నాన్న కిరాణా కొట్టుకు బిల్లుల ప్రోగ్రాం రాస్తోంది, తారీఖుల దగ్గరికి ఇంకా రాలేదు. వచ్చేలోపే పారామీటర్ల గురించి చెప్పేశాను.