శుక్రవారం డామినోలు

2023లో కేరర్‌గా, అంటే ఇళ్లకి వెళ్లి రోగుల్నీ ముసలివాళ్లనీ చూసుకునే పనికి, ఇంగ్లండ్ వచ్చాను. మా కంపెనీ యాప్‌లో ఒక్కో ఇంటికి అరగంట. ఒళ్లు తుడవాలి, ప్యాడ్ మార్చాలి, మాత్రలివ్వాలి, టీ పెట్టాలి. ఇంటికీ ఇంటికీ మధ్య కారు నడిపే టైముకి జీతం లేదు. అందుకే ఎప్పుడూ పరుగే.

బార్న్స్‌లీ దగ్గర ఒక పెద్దాయన ఇంటికి రోజుకి నాలుగుసార్లు వెళ్లేవాళ్లం. ఒకప్పటి బొగ్గుగని కార్మికుడు, ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆసుపత్రికి రానన్నాడు, పోతే ఇంట్లోనే అన్నాడు. ఇలాంటివాళ్లకి ఇక్కడ ఏర్పాట్లు బాగుంటాయి, ఒప్పుకోవాలి. ఆఖరి దశ అని డాక్టరో నర్సో రాసిస్తే ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) ఖర్చుతోనే కేరర్లు వస్తారు. మంచం, ఆక్సిజన్ మెషిన్ ఇంటికే వచ్చాయి. అర్ధరాత్రి మందుల షాపు కోసం వెతుక్కోకుండా నొప్పికి మార్ఫిన్, ఆందోళనకి మిడజోలమ్ ఇంజెక్షన్లు ముందే తెచ్చి డబ్బాలో పెట్టారు. అవి ఇచ్చేది ఇళ్లకి వచ్చే డిస్ట్రిక్ట్ నర్సే, మేం ముట్టుకోకూడదు. ఆయాసం వస్తే మొహం మీదికి చిన్న ఫ్యాన్ పట్టమని ఆమే నేర్పింది. చిత్రం, నిజంగానే కాస్త నెమ్మదిస్తుంది.

లేనిదల్లా పలకరించే మనుషులే. భార్య పోయింది, కొడుకు ఆస్ట్రేలియాలో. కార్మికుల క్లబ్బులో శుక్రవారం డామినోలు (చుక్కల బిళ్లల ఆట) ఆడే స్నేహితులు, ఈయన మంచాన పడ్డాక రావడం మానేశారు. ఏం మాట్లాడాలో తెలియక అయ్యుంటుంది.

మా నాన్న సింగరేణిలో చేశారని చెప్పానో లేదో, ప్రశ్నల మీద ప్రశ్నలు. గని ఎంత లోతు, షిఫ్టు ఎన్నింటికి, ప్రమాదాలు జరిగాయా. గోదావరిఖనికి ఫోన్ కలిపి స్పీకర్ ఆన్ చేశాను. "ఏడాది సమ్మెల పైసలు లేకుండ ఎట్ల బతికిండ్రో అడుగు బిడ్డా" అన్నాడు నాన్న. 1984లో ఇక్కడి గని కార్మికులు మొదలుపెట్టిన ఆ సమ్మెలో ఆడవాళ్లు నడిపిన వంటశాలల గురించి ఆగాగి చెప్పాడు పెద్దాయన.

ఇది విన్న హాస్పిస్ (ఆఖరి దశ రోగుల్ని చూసుకునే సంస్థ) సోషల్ వర్కర్ క్లబ్బుకి వెళ్లి మాట్లాడింది. తర్వాతి శుక్రవారం ముగ్గురు ముసలాళ్లు డామినోల పెట్టెతో దిగారు. నాతో వచ్చే మలయాళీ అమ్మాయికి ఇదేం వింత కాదు. వాళ్ల మలప్పురంలో ఇరుగుపొరుగు వాలంటీర్లే మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి వెళ్తుంటారట. మన తెలంగాణలోనూ ఇలాంటి రోగుల కోసం ఆలన అనే ప్రభుత్వ బృందాలు ఇళ్లకి వెళ్తున్నాయి. కానీ ఓ పూట కబుర్లు చెప్పే పక్కింటివాళ్లు కూడా కావాలి కదా.

ఆ శుక్రవారం అరగంట దాటిపోయింది. ఆఫీసు నుంచి ఫోన్. డామినోలు ఆడుతున్నారు, ఆయాసం వస్తే ఫ్యాన్ పట్టడానికి ఉన్నానని చెప్పాను. అదనపు టైముకి డబ్బు రాదన్నారు. నా వీసా వాళ్ల చేతిలో ఉంది, ఏమంటాను? రిపోర్టులో డామినోల సంగతి రాయొద్దు, "భోజనానికి సాయం" అని రాయమన్నారు. ఆ పూట ఆయన తిన్నది రెండు చెంచాల కస్టర్డ్.