ఆటోనగర్‌లో తిన్న తిట్టు

సెలవు మీద వచ్చి నాలుగు రోజులు కూడా కాలేదు, నాకు పని నేర్పిన మేస్త్రి చేత తిట్టు తిన్నాను. అదీ మా బావ ముందు.

గుంటూరులో పెళ్ళి చూసుకుని బావ కారులో బెజవాడ తిరిగొస్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక స్పీడు ముల్లు సున్నా మీద పడి ఇక లేవలేదు. కిలోమీటర్ల అంకె కూడా కదలట్లేదు. ఎనిమిదేళ్ళుగా షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీలో చేస్తున్నవాణ్ణి, బండిలో లోపాల కోడ్లు చదివే స్కానర్ సూట్‌కేసులోనే ఉంది (నవ్వకండి), ఇంకేం, మర్నాడు పొద్దున్నే ఆటోనగర్‌లో మా పాత షెడ్డుకి పట్టుకెళ్ళాను.

స్కానర్ తగిలించి బావని ఒక రౌండు తిప్పమన్నాను. పీ0500 అని కోడ్ వచ్చింది, అంటే స్పీడ్ సెన్సర్ నుంచి సిగ్నల్ సరిగ్గా రావట్లేదని. స్కానర్ అప్పటికప్పుడు చూపించే లైవ్ డేటాలో వేగం కనిపించి ముల్లు మాత్రం పడిపోయి ఉంటే మీటరు బోర్డుని అనుమానించేవాణ్ణి, ఇక్కడ అదీ సున్నాయే. ‘గేర్‌బాక్సు మీద సెన్సర్ పోయింది, మార్చాలి’ అనేశాను.

‘బుడమేరు నీళ్ళల్లో ఉందా అండీ ఈ బండి?’ అన్నాడు మేస్త్రి. నన్ను కాదు, బావని.

ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదొచ్చినప్పుడు బెజవాడ సింగ్‌నగర్‌లో, చక్రాలు మునిగేదాకా. మేస్త్రి కింద దూరి సెన్సర్ సాకెట్ ఊడదీస్తే పిన్నులు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఉండేవి మూడు వైర్లు, సప్లై, ఎర్త్, సిగ్నల్. టెస్ట్ ల్యాంప్ పెడితే సప్లై రావట్లేదు. గీకి, క్లీనర్ కొట్టి, ఒక పిన్ను కొత్తది వేశాడు. ముల్లు లేచింది.

‘బండి గలాయన పక్కనే ఉంటే ఒక్క మాట అడగవేంట్రా? దుబాయిలో నేర్పింది ఇదేనా?’ షార్జా అని ఎన్నిసార్లు చెప్పినా ఆయనకి దుబాయే.

అప్పట్నుంచీ లోపల జవాబులు చెప్పుకుంటూనే ఉన్నాను. అక్కడ కస్టమరు ముఖం మాకు కనిపించదు మేస్త్రి గారూ, కౌంటర్లో తాళం ఇచ్చి పోతాడు, మా చేతికొచ్చేది జాబ్ కార్డు, అందులో కంప్లయింటు ఒక ముక్క. ఎవర్ని అడగను? కానీ ఏం చెక్ చేశావో రాయకుండా పార్టు అడిగితే మా మలయాళీ ఫోర్‌మన్ ఊరుకోడు, అక్కడైతే సాకెట్ విప్పి వోల్టేజీ చూడందే సెన్సర్ మాట ఎత్తేవాణ్ణి కాదు. అంటే అక్కడి పద్ధతీ పాటించలేదు, ఇక్కడి పద్ధతీ పాటించలేదు. బావ ముందు గొప్పకి పోయాను, అంతే.

అన్నిటికన్నా మనసుకి పట్టింది ఇంకోటి. అదే 2024లో, ఏప్రిల్ 16న యూఏఈ అంతా కుండపోత. ఆ తర్వాత వారాల తరబడి మా గ్యారేజీ నిండా మునిగిన కార్లే, అలాంటి పచ్చ పిన్నులు ఎన్ని గీకానో లెక్కలేదు. ఎవరివో తెలియని కార్లకి నీళ్ళ వాసన పట్టగానే పోల్చుకున్నాను. సెప్టెంబరులో మాత్రం అక్క ఫోను కలవక రెండు రోజులు నిద్రలేదు, కలిశాక ‘మేడ మీద ఉన్నాం, పాలు లేవు’ అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. కింద వాకిట్లో కారు కూడా ఉండి ఉంటుందని మాత్రం ఇన్నాళ్ళూ తోచలేదు.