మళ్ళీ దొరకలేదు

ఫిన్లాండ్ వాయవ్య కొసన, 69 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్న కిల్పిస్యార్వి అనే ఊళ్ళో ఒక వేసవంతా వోల్‌లను లెక్కపెట్టడం నేర్చుకున్నాను. వోల్ అంటే పొట్టి తోక, గుండ్రటి మూతి ఉన్న చిన్న ఎలుక. పెద్దదైనా చాలావరకు 40 గ్రాములు దాటదు. మా గోదావరి వైపు చేలో ఎలుకల బుట్ట పెట్టేది చంపడానికే కాబట్టి, పట్టిన ఎలుకను ప్రాణంతో వదలడానికి ఇంత శ్రమ పడడం మొదట్లో నాకు వింతగా తోచింది.

బర్చ్ అడవిలో ఉగ్లాన్ అనే, ప్రాణంతో పట్టే బోనులను సమానదూరంలో వరుసలుగా పెట్టి, చలికి ఎండుగడ్డి, తిండికి ఓట్లు, తడికి క్యారట్ ముక్క వేసేవాళ్ళం. పొద్దునా సాయంత్రమూ తప్పక చూడాలి, ఎందుకంటే పొరపాటున చిక్కిన శ్రూ (పురుగులు తినే, ఎలుకలా కనిపించే చిన్న జంతువు) కొద్ది గంటలు తిండి లేకపోతే చనిపోతుంది. దొరికిన వోల్‌ను తూచి, ఆడో మగో చూసి, చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్పు పెట్టి, పట్టినచోటే వదలాలి. ఆ తరువాతి లెక్క సులువే: 30 వోల్‌లకు చిప్పు వేశాక, మరో విడతలో దొరికిన 24లో 12కు, అంటే సగానికి, చిప్పు ఉంటే, అక్కడ సుమారు 60 ఉన్నట్టు. అయితే ఈలోగా ఏదీ రాలేదు, పోలేదు అనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది.

నేను తప్పు చేసింది సరిగ్గా అక్కడే. వరుసగా నాలుగు విడతలు దొరికిన ఒక కుర్ర మగ వోల్ ఐదో విడత రాకపోయేసరికి, నోటుపుస్తకంలో దాని ఎదుట ‘చనిపోయింది’ అని రాశాను. మా పర్యవేక్షకురాలు ఆ మాట కొట్టేసి ‘మళ్ళీ దొరకలేదు’ అని రాయించారు. తొమ్మిది రోజుల తరువాత అదే వోల్ వాగు అవతల మేము బోనులు పెట్టిన రెండో గడిలో, రెండు గ్రాములు బరువు పెరిగి మరీ, దొరికింది. సాధారణంగా కుర్ర మగవి పుట్టినచోటు వదిలిపోతాయి, ఆడవి తల్లి దగ్గరలోనే ఉండిపోతాయి.

ఈ వలసను ఆపితే ఏమవుతుందో జీవావరణ శాస్త్రవేత్త చార్లెస్ క్రెబ్స్ బృందం 1969లో ప్రచురించింది: అమెరికాలోని ఇండియానాలో వోల్‌ల పచ్చికకు కంచె కడితే, బయటికి పోలేక అవి విపరీతంగా పెరిగి గడ్డినంతా మేసేశాయి. కిల్పిస్యార్విలో కంచె లేకపోయినా మూడు నుంచి ఐదేళ్ళకోసారి వోల్‌లు ఉప్పెనలా పెరిగి, ఆపైన దాదాపు కనుమరుగవుతాయి. వీటి మీదే బతికే చిన్న వీసెల్ (ముంగిసను పోలిన వేటజంతువు) సంఖ్య ఆలస్యంగా పెరిగి వాటిని కిందికి లాగుతుందన్నది బలమైన వివరణ. మంచు తీరు, తిండి కొరత వాటా ఎంతన్నది మాత్రం ఇంకా వాదనలోనే ఉంది.

సెప్టెంబరు చివరి విడతలో, వేసవి మొదట్లో చిప్పు వేసినవాటిలో ఒకే ఒక ముసలి ఆడ వోల్, మూడో వరుస నాలుగో బోనులో, తన పాతచోటనే దొరికింది. మిగిలినవాటి ఎదుట, ఈసారి ఎవరూ చెప్పకుండానే, ‘మళ్ళీ దొరకలేదు’ అని రాశాను.