చారాణ నొప్పి, బారాణ నొప్పి: నల్లగొండలో ఫిజియోథెరపీ చేయిస్తూ నా అనుభవం

మోకాలి నొప్పితో వచ్చినవాళ్లను ‘పదికి ఎంత నొప్పి?’ అని అడగడం మానేశాను. ‘పదికి పదే సారూ’ అంటారు, లేదా నవ్వి ఊరుకుంటారు. రూపాయి లెక్కలో అడిగితే మాత్రం టక్కున చెప్తారు: ‘పొద్దుగాల చారాణ, పత్తి ఏరి వచ్చినంక బారాణ.’ చారాణ (పావలా) అంటే పదికి రెండున్నర, ఆఠాణ (అర్ధరూపాయి) అంటే అయిదు, బారాణ (ముప్పావలా) అంటే ఏడున్నర అని రాసుకుంటాను.

ఆ అంకె ఒక్కటే చాలదు. ఏం చేస్తే నొప్పి లేస్తుంది, ఎంతసేపు చేస్తే లేస్తుంది, తగ్గడానికి ఎంతసేపు పడుతుంది? ఇద్దరిదీ ఆఠాణ నొప్పే కావచ్చు. ఒకరికి రెండు గంటలు కలుపు తీస్తే లేచి, పది నిమిషాలు కూర్చుంటే పోతుంది. ఇంకొకరికి బాత్రూం దాకా నడిస్తే లేచి రాత్రంతా సలుపుతుంది. ఇద్దరికీ ఒకే వ్యాయామం రాసిస్తే రెండోవాళ్లు మళ్లీ రారు.

మా జిల్లా నాంపల్లి వైపు నుంచి వచ్చిన ఒకామెకు కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం ఇచ్చాను. ఆఠాణ దాకా నొప్పి వచ్చేసరికి ఆపి, ఎన్నిసార్లు చేసిందో మూడు రోజులు లెక్కపెట్టమన్నాను. 9, 11, 10 వచ్చాయి. సగటు 10. అందులో ఎనభై శాతం, అంటే 8తో మొదలు. రోజుకు రెండు పూటలు, మూడు రోజులకు ఒకటి చొప్పున పెంచాలి. లెక్క తప్పకుండా కంది గింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేసుకునేది.

వారానికే నొప్పి బారాణకు ఎక్కింది. ఇంట్లో కుర్చీ మా దగ్గరి దానికన్నా పొట్టిది. సీటు ఎంత కిందికుంటే మోకాలి మీద అంత బరువు. బొంత మడిచి నాలుగు అంగుళాలు ఎత్తు చేయించి, లెక్క 5కు దించాను, ఆపించలేదు. అయిదో వారానికి 15 చేసింది.

హద్దులు రెండే. చేస్తున్నప్పుడు ఆఠాణ దాటొద్దు. మర్నాడు పొద్దున మంచం దిగగానే నిన్నటికన్నా ఎక్కువ ఉండొద్దు. నొప్పి గోలీ వేసుకున్నాక చేసిన లెక్కను నమ్మను.

భయపడేవాళ్లకన్నా ఓర్చుకునేవాళ్లతోనే నాకు తిప్పలు. మంచిగున్న రోజు నలభై చేసి రెండు రోజులు పడుకుంటారు. నేను రాసిచ్చిన లెక్క వాళ్లకు దాటకూడని గీత. భయపడేవాళ్లకు మాత్రం కాస్త నొచ్చినా పూర్తి చేయాల్సిన లెక్క. పది రోజులు నొప్పి తగ్గడానికి మిషన్‌తో కరెంటు పెట్టించుకొని వ్యాయామం ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు, చారాణ కోడికి బారాణ మసాలా.

నడుము నుంచి కాలికి గుంజే నొప్పికి అంకెకన్నా చోటు ముఖ్యం. పిక్కలోది తొడకు, తొడలోది నడుముకు ఎక్కితే, నడుములో కాస్త పెరిగినా ఆ వ్యాయామం సరైందే. కిందికి దిగితే ఆపేస్తాను.

మర్రిగూడ వైపు పెద్దవాళ్ల దగ్గర ఇంకో జాగ్రత్త. ఏళ్లతరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఒంట్లో కీళ్ల చుట్టూ నరాలు, కండరాలు కాదు, ఎముకలను కట్టి ఉంచే పట్టీలే గట్టిపడతాయి. చెయ్యి ఎత్తితే గోడకు తగిలినట్టు ఒక్కచోట ఆగుతుంది. అక్కడ సాగదీస్తే సాగదు, గాయమే అవుతుంది. ఉన్న కదలికలోనే బలం పెంచుతాను, మెడ అస్సలు తిప్పను. కాళ్లు బిగుసుకొని తడబడుతున్నా, చేతులు మొద్దుబారినా, మూత్రం ఆగినా వ్యాయామం మొదలుపెట్టకుండా వెన్నెముక డాక్టరు దగ్గరికి పంపిస్తాను.