ఫహీటా మసాలా, వైజాగ్ ఉక్కపోత

ఫహీటా అంటే వేయించిన మాంసం, క్యాప్సికం, ఉల్లిపాయ ముక్కల్ని పల్చటి రొట్టెలో చుట్టుకు తినే మెక్సికన్ తరహా వంటకం. దాని మసాలా ఇంట్లో కొట్టుకోవడం పెద్ద పనేం కాదు, పొడిగా ఉంచడమే కష్టం. ఈ సముద్రపు గాలికి వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి రెండు రోజుల్లో గడ్డ కట్టేస్తాయి.

కొలత టీస్పూన్లలో: కాశ్మీరీ కారం 2, జీలకర్ర పొడి ఒకటిన్నర, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, ఒరెగానో, ఉప్పు ఒక్కోటి, మిరియాల పొడి అర, పంచదార అర. గుంటూరు కారం వేస్తే రంగు కోసం వేసిన రెండు చెంచాలే నోరు మండిస్తాయి. తప్పదంటే అర చెంచా చాలు.

జీలకర్ర సన్నసెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయాలి. వేడి మీద తిప్పితే మూతకి లోపల ఆవిరి పడుతుంది చూడండి, సీసాలో పొడి ముద్దయ్యేది ఆ తడితోనే. గాజు సీసా, గట్టి మూత, పొడి చెంచా.

అరకిలో బోన్‌లెస్ చికెన్‌కి 5 టీస్పూన్ల పొడి, రెండు పెద్ద చెంచాల నూనె, ఒక చెంచా నిమ్మరసం. గంట నానితే చాలు. రాత్రంతా ఉంచితే నిమ్మ పులుపుకి ముక్క పైన పిండిలా అయిపోతుంది.

ఇనుప పెనం పొగలొచ్చేదాకా కాలాలి. ముక్కలన్నీ ఒకేసారి కుమ్మరిస్తే నీరూరి ఉడుకుతాయి, అప్పుడది కూరే! రెండు వాయిలుగా వేయండి. క్యాప్సికం, ఉల్లిపాయ విడిగా వేయించి, మిగిలిన పొడి దించే ముందే చల్లాలి. ముందే చల్లితే ఉప్పుకి నీరొస్తుంది, వెల్లుల్లి పొడి మాడి చేదెక్కుతుంది.

చుట్టుకోవడానికి టోర్టియా (మెక్సికన్ పల్చటి రొట్టె) లేకపోతే పల్చటి చపాతీ. మైదా పరోటా మాత్రం వద్దు, మసాలా రుచి నూనెలో కలిసిపోతుంది.